టెక్కలిలో ఆడనివ్వని ఫైనల్

బళ్ళో వ్యాయామ ఉపాధ్యాయుడికి ఉండే గౌరవం ఏపాటిదో ఆ ఉద్యోగం చేసినవాడికే తెలుస్తుంది. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆయన పీరియడ్‌లో పిల్లల్ని మనం బయటికి తోలుకుపోవాలి. పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే మన పీరియడ్ ఆయనకి ఇచ్చెయ్యాలి. ఆగస్టు పదిహేనున మాత్రం అందరికీ గుర్తొస్తాం. ఇప్పుడు కొత్తగా ఈ ఉద్యోగంలో చేరుతున్నవాళ్ళు ఎక్కడైనా కలిసినప్పుడు, "సార్, మీ సర్వీసులో తయారైన పెద్ద ప్లేయర్ ఎవరు?" అని అడుగుతుంటారు. నేను ఆడనివ్వని పిల్ల సంగతి చెబుతాను. వాళ్ళు కాస్త నిరాశపడతారు. అయినా చెబుతాను.

నా ఆఖరి పోస్టింగు ఉద్దానం తీరంలో. పలాస నుంచి జీడితోటల మధ్యగా ఆటోలో వెళ్ళాలి. మత్స్యకారుల ఊరు. సముద్రం బడి ప్రహరీకి ఎంత దగ్గరంటే, ప్రార్థన సమయంలో అలల చప్పుడుకి హెడ్మాస్టరు గొంతు వినబడేది కాదు. ఆ ఊళ్ళో కిడ్నీ జబ్బు తొక్కని వీధి లేదు. ఆ జబ్బు ఎందుకొస్తోందో పెద్దపెద్ద డాక్టర్లే తేల్చలేకపోతుంటే డ్రిల్లు మాస్టారికి ఏం తెలుస్తుంది? కానీ కళ్ళకి కనబడేవి కొన్ని ఉంటాయి. ఎండలో పనిచేసే మనిషి దాహాన్ని ఓర్చుకోవడం గొప్పగా చెప్పుకునేవాడు. నడుం పట్టేసినా, మోకాలు వాచినా కిళ్ళీబడ్డీలో ఒక నొప్పి బిళ్ళ కొనుక్కుని, వేసుకుని, మళ్ళీ పనికి పోయేవాడు. ఆడపిల్లలు బడి వదిలేదాకా బాత్రూముకి వెళ్ళే బాధ తప్పించుకోడానికి నీళ్ళు తాగడమే మానేసేవారు.

చదువుకునే రోజుల్లో విశాఖలో కొన్నేళ్ళు కరాటే నేర్చుకున్నాను. మా గురువు చాలాకాలం మాకు కొట్టడం నేర్పనేలేదు. నిలబడటం, ఊపిరి తీసుకోవడం, దెబ్బ తగలకుండా కింద పడటం. అంతే. అదే పద్ధతిలో, బడి మొదలయ్యే ముందు, ఆడపిల్లల్ని ఇసక మీదకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. చెప్పుల్లేకుండా నడక, గొంతుక్కూర్చుని లేవడం, దొర్లడం, మధ్యమధ్య నీళ్ళు. అలసిపోతే అలసిపోయానని నోరు తెరిచి చెప్పాలి, అది కూడా పాఠమే. కొన్నాళ్ళు చూసి ఒక తల్లి నన్ను దారిలో ఆపింది.

"ఏటి మేస్టారూ, పడడం నేర్పడానికి మీరెందుకు? మా ఆడగుంటలు రోజూ పడతానే ఉన్నారు గదా!"

నవ్వేసి ఊరుకున్నాను.

ఆ గుంపులోకి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె వచ్చి చేరింది. ఆ పిల్లని నేను అంతకుముందే ఒడ్డున చూశాను. ఆడవాళ్ళతో కలిసి వల తాడు లాగుతోంది. వెన్ను నిటారుగా ఉంది, మడమలు ఇసకలోకి దిగిపోయాయి, చేతులతో కాదు నడుముతో లాగుతోంది. నేను ఏళ్ళ తరబడి అరిచి నేర్పించేది ఆ పిల్లకి పుట్టుకతోనే వచ్చినట్టుంది. తండ్రి వేటకి వెళ్ళేవాడు. తండ్రి అన్నగారిది కూడా ఆ ఇల్లే. ఆయనకి కిడ్నీలు పోయాయి, వంతు వచ్చినప్పుడల్లా డయాలసిస్‌కి పలాస వెళ్ళొచ్చేవాడు. ఆయన ఆటో ఎక్కేటప్పుడు చెయ్యిపట్టుకునేది ఈ పిల్లే.

ఏడాది తిరిగేసరికి చుట్టుపక్కల కరాటే పోటీల్లో ఆ పిల్ల ముందు నిలిచినవాళ్ళు లేరు. అప్పుడే పలాసలో ఒక చిన్న క్లబ్బు నడుపుకునే కుర్ర కోచ్ మా బడికి రావడం మొదలుపెట్టాడు. ఆదివారాలు తన బండి మీద, తన పెట్రోలుతో వచ్చి నేర్పేవాడు. మంచివాడు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగింది విన్నవాళ్ళు అతన్ని వేరే రకంగా ఊహించుకుంటారు. పిల్లల గెలుపు కోసం అన్నం మానేసే రకం మనిషి.

ఆ ఏడు జిల్లా పోటీలు టెక్కలిలో పెట్టారు. అక్కడ గెలిస్తే రాష్ట్రానికి వెళ్ళొచ్చు. కోచ్ ఒక సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "సార్, పిల్లని ఒక మెట్టు కింది బరువు విభాగంలో దింపుదాం. పై బరువులో ఉన్నవాళ్ళు పొడుగు. కిందైతే మనకి తిరుగుండదు" అన్నాడు.

"పెరిగే పిల్లయ్యా. ఉన్న బరువులోనే ఆడనీ. ఓడితే ఓడుతుంది" అన్నాను.

"అంచుమీదే ఉంది సార్. ఇబ్బంది లేదు, సరిపోద్ది."

ఎంట్రీలు పంపింది అతనే. సరిపోతుందంటే సరే అనుకున్నాను.

పోటీలు ఒక కల్యాణ మండపంలో. పెళ్ళి వేదిక మీద జడ్జీల బల్ల, కింద నేలంతా నీలం, ఎరుపు మ్యాట్లు. రాత్రి కురిసిన వాన పొద్దున్నే వెలిసింది. అప్పటినుంచీ ఒకటే ఉక్క. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న పేరే గానీ గాలి కిందికి రావడం లేదు. మా ఊరివాళ్ళు వ్యాను కట్టుకుని వచ్చి గోడవారగా ఉన్న కుర్చీలన్నీ ఆక్రమించేశారు. తండ్రి ఆరోజు వేట మానేసి, ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. ఆడపిల్లలతో ఒక టీచరమ్మ ఉండాలని హెడ్మాస్టరు జీవశాస్త్రం చెప్పే మేడంని పంపారు. ఆవిడది టెక్కలే. ఆటలంటే బొత్తిగా గిట్టదు. పరీక్ష పేపర్ల కట్ట సంచిలో పెట్టుకొచ్చి, ఒక మూల కూర్చుని దిద్దుకుంటోంది.

బరువు తూచేటప్పుడు పిల్ల సరిగ్గా గీత మీద నిలిచింది. కోచ్ పిడికిలి బిగించి గాల్లో ఊపాడు. నాకూ సంతోషమే అనిపించింది. పిల్ల నవ్వింది గానీ పెదాలు తెల్లగా పొరలు లేచి ఉన్నాయి. "నీళ్ళు తాగావా?" అన్నాను. "తాగీసినాను మేస్టారూ" అంది.

మొదటి బౌటులో ఎదుటి పిల్ల మీద గెలిచింది. మా ఊరివాళ్ళు ఈలలు. నాకు మాత్రం ఆ గెలుపు నచ్చలేదు. ఆ పిల్ల ఆటలో అందమంతా కదలికలోనే ఉంటుంది. అల వచ్చినప్పుడు పడవ లేచినట్టు, ఎదుటివాళ్ళు మీదకి వస్తే పక్కకి జరిగి, వాళ్ళ ఊపుని వాళ్ళకే వదిలేస్తుంది. ఆవేళ జరగడం లేదు. నిలబడ్డ చోటే నిలబడి, ఎదుటి పిల్ల తప్పు చేసేదాకా కాచుకుని కొడుతోంది. బలం దాచుకుంటోందని కోచ్ అన్నాడు. కావచ్చు.

రెండో బౌటులో కాలు ఆలస్యంగా లేస్తోంది. అయినా గెలిచింది. మ్యాటు దిగి గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుంది. ముట్టుకుంటే ఒళ్ళు వేడిగా ఉంది. అంత ఉక్కలోనూ నుదుటి మీద చెమట లేదు.

నేను ఇంకా ఆ నుదుటి వైపే చూస్తుండగా మేడం పేపర్లు సంచిలో పెట్టేసి నా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి అంది: "మాస్టారూ, పొద్దుట్నించి మిగతా పిల్లలందరూ కనీసం ఒక్కసారైనా నన్ను బాత్రూముకి తోడు రమ్మన్నారు. ఈ పిల్ల రాలేదు. ఆటలు నాకు తెలీవు. ఇది మాత్రం నాకు బాగోలేదు."

కోచ్‌ని పక్కకి లాక్కెళ్ళాను.

"ఏం చేయించావు ఆ పిల్లచేత?"

"అందరూ చేసేదే సార్" అన్నాడు మామూలుగా. "నిన్న మధ్యాహ్నం నుంచి నీళ్ళు ఆపమన్నాను. సాయంత్రం స్వెట్టరేసుకుని రన్నింగు. పొద్దున్న బరువు చూసుకున్నాక తాగమన్నాను కదా. నేనెన్నిసార్లు చేశానో ఇలా! నాకేమైంది?"

"తాగిందా మరి?"

అతను పిల్ల వైపు చూశాడు. పక్కన పెట్టిన సీసాలో నీళ్ళు నిండుగా అలాగే ఉన్నాయి. తాగితే వికారంగా ఉందని వదిలేసిందట, తర్వాత తెలిసింది.

ఈలోగా మైకులో ఆ బరువు ఫైనల్ అని ప్రకటించారు. మా పిల్ల పేరు మొదటిసారి పిలిచారు.

"సార్, ఒక్క బౌటు" అన్నాడు కోచ్. "రెండు నిమిషాల్లో అయిపోద్ది. ఆ తర్వాత మీరెలాగంటే అలాగే."

యుద్ధకళ ఏదైనా ముందు నేర్పేది దూరాన్ని చూడటం. దెబ్బ ఎంత దూరంలో ఉంది, అది తగిలేలోపు నువ్వు ఎక్కడుండాలి. ఇన్నేళ్ళూ ఆ మాట పిల్లలకి చెబుతూనే ఉన్నాను. ఆ దెబ్బ ఎంత దూరంలో ఉందో ఆ క్షణంలో నాకు తెలియలేదు. బౌటు అయ్యాక నీళ్ళు తాగి, పడుకుని లేస్తే సర్దుకునే నీరసమేమో. కాకపోతే? ఊరంతా చూస్తోంది. ఆ పిల్ల ఏడాది కష్టం ఆ మ్యాటు మీద ఉంది. నేను డాక్టర్ని కాను.

మేడం వైపు చూశాను. ఆవిడ పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెవిలో ఏదో అడుగుతోంది. తలెత్తి నాకేసి చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

నేను బల్ల దగ్గరికి వెళ్ళి, "మా పిల్ల ఆడదు" అన్నాను.

నిర్వాహకుడు నాకు పాత పరిచయమే. "ఏంటి మాస్టారూ! గాయమా? రక్తం లేదు, వాపు లేదు. ఇది గెలిస్తే రాష్ట్రం. ఆలోచించుకోండి. మూడోసారి పిలిచేదాకా టైముంది" అన్నాడు. రెండోసారి పిలిచాడు.

ఆ మాట గోడవారకి చేరిపోయింది. తండ్రి కుర్చీలు తప్పించుకుంటూ వచ్చేశాడు. వెనకే ఊళ్ళో వాళ్ళు నలుగురైదుగురు.

"ఏటి మేస్టారూ ఇది? ఊరంతా వేను కట్టుకుని ఒచ్చినాం. ఆకరికొచ్చినాక దించేత్తారా?"

"పిల్లకి ఒంట్లో బాగోలేదు. నిన్నట్నించి నీళ్ళు లేవు."

"నీల్లే గదా! ఇప్పుడు తాగీసి ఆడుద్ది. ఓలే, తాగీయే బేగి!"

పిల్ల సీసా అందుకుని గటగటా తాగింది. మా అందరి ముందూ తాగింది. తాగిన వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగి, మొత్తం కక్కేసింది. మూతి తుడుచుకుని లేచి నిలబడింది. "నాకేటీ అవ్వనేదు. బాగున్నాను. సూడండి మేస్టారూ" అని గెంతి చూపించబోయింది. పిక్క పట్టేసి ఒంటికాలి మీద కూలబడింది.

వెనకనుంచి ఎవరో అన్నారు: "ఆడనీండి మేస్టారూ, ఆడపిల్లని అలగ బయపెట్టేత్తారేటి!"

అప్పుడు మేడం లేచి తండ్రితో సూటిగా చెప్పింది. "మోకాలి నొప్పికని నాలుగు రోజులుగా బిళ్ళలు వేసుకుంటోందట. నాకిప్పుడే చెప్పింది."

కోచ్ తుళ్ళిపడ్డాడు. "బిళ్ళలా? నేనివ్వలేదు సార్. ఒట్టు. నాకు తెలీదు."

తండ్రి కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇందాకటి అరుపు లేదు.

"ఏ బిల్లలే?"

పిల్ల నేలకేసి చూసింది.

"సెప్పు. ఎవులిచ్చినారు?"

"ఎవులూ ఇవ్వనేదు అయ్యా. పెదనాన్న డబ్బాలోయి. పాతవి. మోకాలు నొప్పెడతంటే ఆడలేనని..."

"మా అన్న ఏసుకున్నవా?"

పిల్ల తలూపింది.

ఆ మనిషి ముఖం మారిపోవడం నేను చూశాను. అన్నగారు మంచాన పడకముందు, వలలు లాగిన నడుం నొప్పికి ఏళ్ళ తరబడి మింగిన బిళ్ళలవి. వాటివల్లే అన్న కిడ్నీలు పోయాయని ఎవరూ ఆ ఇంటికి తేల్చి చెప్పలేదు. డాక్టరు మాత్రం ఇంకెప్పుడూ ముట్టొద్దన్నాడట. ముట్టొద్దన్నారు గానీ, పారెయ్యమని ఎవరూ అనలేదు. డబ్బా అటక మీదే ఉండిపోయింది.

"నిన్నట్నించి ఒంటికి ఎల్లినావా?" అన్నాడు చాలా మెల్లగా.

"నేదు."

మూడోసారి పేరు పిలిచారు. నేను చేతులు రెండూ తలపైన అడ్డంగా పెట్టి ఊపాను. రిఫరీ ఎదుటి పిల్ల చెయ్యి పైకెత్తాడు. చప్పట్లు మోగాయి. మా పిల్ల నా చొక్కా గుండె దగ్గర గుప్పిట్లో పట్టుకుని, "మీరే! మీరే నన్ను ఓడించీసినారు!" అని గట్టిగా ఏడ్చింది. గుండీ ఒకటి ఊడి మ్యాటు మీద పడింది. కన్నీళ్ళు మాత్రం రాలేదు. ఆ పొడి ఏడుపు చూసి నాకు భయం వేసినట్టు జీవితంలో మరెప్పుడూ వెయ్యలేదు.

తండ్రి బుట్ట ఎత్తుకున్నట్టు పిల్లని భుజానికెత్తుకుని రోడ్డు మీదకి నడిచాడు. కోచ్ ముందే పరిగెత్తి ఆటో ఆపాడు. వెనక మేడం, తండ్రి, వాళ్ళ ఒడిలో పిల్ల. ముందు డ్రైవరుకి ఒకవైపు నేను, ఒకవైపు కోచ్. దారిలో సంత రద్దీకి ఆటో ఆగిన ప్రతిసారీ కోచ్ దిగి, అడ్డొచ్చిన బళ్ళని చేతుల్తో తోసి దారి చేసేవాడు. ఎక్కి కూర్చున్నప్పుడల్లా ఒకటే మాట: "నాకూ ఇలాగే నేర్పారు సార్. నాకూ ఇలాగే నేర్పారు."

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చిన్నమ్మాయి. ఊరి పేరు చెప్పగానే రాస్తున్న పెన్ను ఆపి తలెత్తింది. "ఇంట్లో ఎవరికైనా?" అంది. "మా అన్నకి" అన్నాడు తండ్రి. రక్తం తీశారు, సెలైన్ ఎక్కించారు. "ఇప్పుడేమీ చెప్పలేను. ముందు మూత్రం రావాలి. వస్తే ధైర్యం. రాకపోతే శ్రీకాకుళం పంపిస్తాను" అంది.

ఇక వరండాలో కూర్చున్నాం. మనిషి ఎదురుచూసేవాటిలో ఇంత చిన్నది, ఇంత పెద్దది ఇంకోటి ఉంటుందనుకోను. మొదటి సీసా అయిపోయింది. రెండోది పెట్టారు. పోటీలు ముగిసి ఊరివాళ్ళ వ్యాను ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చింది. ఒకాయన దిగి వచ్చి, "ఆ ఎదుటి గుంటకి కప్పు ఇచ్చీసినారు" అని చెప్పాడు. తండ్రి గోడకి తల ఆనించి, తెల్లచొక్కా మీద పడిన కక్కు మరకని గోటితో గీకుతూ కూర్చున్నాడు. కాసేపటికి నాతో కాదు, తనలో తనే అనుకున్నట్టు అన్నాడు:

"మా అన్నకి నొప్పొత్తే ఆ బిల్లలు నానే తెచ్చీవోడ్ని. బడ్డీ కాడికి ఎల్లి. నానే."

అతని మోకాలి మీద చెయ్యి వేశాను. కోచ్ కొంచెం దూరంగా, చెప్పుల స్టాండు పక్కన నేలమీద కూర్చున్నాడు. తండ్రి అతన్ని కొడతాడేమోనని నేను ఒక కన్ను అటే వేసి ఉంచాను. చాలాసేపటికి తండ్రి లేచాడు. నేనూ లేవబోయాను. అతను కుళాయి దగ్గర గ్లాసు నింపి, తెచ్చి కోచ్ చేతికిచ్చాడు. "తాగు బాబూ. పొద్దుట్నించి నువ్వూ ఏటీ తాగనేదు" అన్నాడు. అప్పుడు ఆ కుర్రాడు ఏడ్చాడు.

ఎండ వరండా మెట్లు దిగి గేటు దాకా వెళ్ళిపోయింది. మూడో సీసా సగంలో ఉండగా వార్డు తలుపు ధడాలున తెరుచుకుంది. ఎప్పుడూ పైట చెంగు జారనివ్వకుండా, గొంతు పెంచకుండా మాట్లాడే మా జీవశాస్త్రం మేడం గుమ్మంలో నిలబడి, ఆసుపత్రంతా వినబడేలా, "పోసింది మాస్టారూ! పోసింది!" అని అరిచింది. అక్కడున్న రోగులందరూ మా వైపు తిరిగి చూశారు. తండ్రి రెండు చేతులూ ఎత్తి ఎవరికి దణ్ణం పెట్టాడో తెలీదు, అటున్న మందుల కౌంటర్ వైపు పెట్టాడు.

రక్త పరీక్షలో తేడా ఉంది. కిడ్నీలు దెబ్బతిన్నాయని కాదు, బాగా అలిసిపోయాయని చెప్పింది డాక్టరమ్మ. ఆ స్థితిలో ఇంకో బౌటు ఆడి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "ఏమయ్యేదో నేను చెప్పలేను సార్. అడగకపోవడమే మంచిది" అంది. కొన్నాళ్ళు ఉంచి పంపించారు. తర్వాత మళ్ళీ మళ్ళీ పరీక్షలు చేశారు, మెల్లగా మామూలుకి వచ్చింది.

ఊరు మాత్రం నన్ను అంత త్వరగా క్షమించలేదు. కిళ్ళీబడ్డీ దగ్గర నన్ను చూసి, "ఫైనల్ మేస్టారు" అనేవారు. హెడ్మాస్టరు కోచ్‌ని ఇంక గేటులోకి రానివ్వనన్నారు. నేను ఒప్పుకోలేదు. అలా వెళ్ళగొడితే అతను అదే పాఠం ఇంకో ఊళ్ళో చెబుతాడు. ఇక్కడే ఉంచి, తల్లిదండ్రుల ముందు తన నోటితో చెప్పించాలి అన్నాను. అతను వచ్చాడు. ఆదివారం ఒడ్డున, పిల్లలూ తల్లులూ కూర్చుంటే, నిలబడి, ఏం చేయించాడో ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. తర్వాత తండ్రి లేచి తన అన్న డబ్బా గురించి చెప్పాడు. నేను ఇన్నేళ్ళు చెప్పిన ఆరోగ్య పాఠాలన్నీ కలిపినా ఆ రెండు మాటలకి సాటిరావు. చాలా ఇళ్ళలో అటకల మీది బిళ్ళల డబ్బాలు దిగాయని విన్నాను. అన్నీ దిగి ఉంటాయని నేననుకోను.

పిల్ల మాత్రం పొద్దుటి సాధనకి రాలేదు. బళ్ళో నేను ఎదురైతే తల దించుకుని వెళ్ళిపోయేది. పండగలు వెళ్ళాయి, చలికాలం వెళ్ళింది. నేను పిలవలేదు. పిలవాలని చాలాసార్లు అనిపించింది.

వేసవి ముందు ఒక ఉదయం ఆఖరి వరసలో వచ్చి నిలబడింది. అందరితో పాటు నడిచింది, దొర్లింది, లేచింది. అయిపోయాక పిల్లలందరూ బడివైపు వెళ్ళిపోయినా తను కదల్లేదు. బొటనవేలితో ఇసక తవ్వుతూ అడిగింది:

"మేస్టారూ, ఆవేల ఆడుంటే నాను గెలిసీదాన్నా?"

లేదని చెప్పడం సులువు. అప్పటికే నీరసంగా ఉన్నావమ్మా, ఓడిపోయేదానివి, అంటే ఆ పిల్ల మనసు కుదుటపడుతుందని అనిపించింది. కానీ ఎదుటి పిల్ల ఆట నేను చూశాను, అంతంతమాత్రమే.

"గెలిచేదానివే" అన్నాను.

తలెత్తి నా కళ్ళలోకి చూసింది. అబద్ధమేమోనని వెతికినట్టు చాలాసేపు చూసింది.

"అది తెలిసే దించీసినారా?"

"తెలిసే."

ఆ పిల్ల ముఖంలో ఇన్నాళ్ళుగా ముడుచుకుని ఉన్నదేదో సడలింది. "నాను ఓడిపోతానని దించీసినారనుకున్నాను" అంది. చేతులకంటిన ఇసక దులుపుకుని, సంచి భుజాన వేసుకుని, బెల్లు కొడుతున్నారని బడివైపు పరిగెత్తింది.